గెడకు అందని నీళ్లు

ఉప్పు సరస్సులో ఒక కొత్త పడవ తిరిగేది. అడుగు పలకగా ఉండే పడవ. తెడ్డు లేదు, తెరచాప లేదు. పడవవాడు వెదురు గెడను నేలకు దించి భుజంతో నెట్టేవాడు. అడుగున ఊరిన నీళ్లను అతని పెళ్లాం డబ్బాతో తోడిపోసేది.

ఆ సరస్సులో ఒక ఆచారం ఉంది. గెడ దించిన ప్రతిసారీ లోతు ఎంతో కేకేసి చెప్పాలి. మోకాలు, నడుము, మెడ, అని. వెనక వచ్చే పడవలు ఆ కేక విని దారి పట్టుకుంటాయి. అబద్ధపు కేక వేసినవాడు అక్కడ పుట్టలేదు. గొప్పతనమేం కాదు, అవసరం రాలేదు. ఎక్కడ దించినా నేల తగిలేది.

కొత్త పడవకు మంచి పేరు వచ్చింది. దక్షిణపు ఒడ్డువాళ్లంతా దాన్నే ఎక్కారు. ఉత్తరపు లంకలవాళ్లు మాత్రం ఇంకా నీళ్లలో నిలబడి చేతులూపుతున్నారు. వాళ్ల దగ్గరికి ఏ పడవా పోలేదు.

ఒక ఉదయం గొడుగు వేసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. పడవలకు పెట్టుబడి పెట్టడం ఆయన పని. వస్తూనే పడవకు ఎర్రరంగు వేయించాడు.

"ఎన్నాళ్లోయ్ ఈ గుంటలో? సముద్రం అవతల పెద్ద రేవుంది. ఈ సరస్సు జనమంతా అక్కడ ఒక సందులో సరిపోతారు."

"లంకలవాళ్లు పిలుస్తున్నారండి. ముందు వాళ్లని..."

"వాళ్లెక్కడికి పోతారు? నువ్వు ఆలోచించేలోగా ఇంకొకడు సముద్రం దాటేస్తాడు. ఆనక నువ్వు లంకల్లో వంకాయలు మోసుకో."

"అక్కడ గెడ అందుతుందాండి?"

"అందకపోతే రెండు కలిపి కట్టు. అదీ నేనే చెప్పాలా?"

పడవవాడికి అది సబబుగానే తోచింది. బతుకంతా నేల తగిలినవాడికి, తగలని చోటుందంటే బుర్రకెక్కదు. గెడ ఇంకాస్త పొడవుండాలి కాబోలు అనుకుంటాడు.

రెండు గెడలు కలిపి కట్టాడు. జనాన్ని ఎక్కించుకున్నాడు.

"తమరు ఎక్కరేం బాబుగారూ?" అని అడిగింది పెళ్లాం.

"నాకు ఒడ్డున పనుందమ్మా. ఇంకా నాలుగు పడవలకు రంగు వేయించాలి."

"వేయించండి. మునిగినా మంచి రంగులో మునుగుతాం," అందామె. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

సరస్సు సముద్రంలో కలిసేచోట నీళ్లు నల్లబడ్డాయి. పడవవాడు "నడుము" అని కేకేశాడు. ఇంకాస్త పోయాక "మెడ" అన్నాడు. వెనక, పెద్దమనిషి మాట విని బయల్దేరిన మరో మూడు పడవలు ఆ కేకల వెంబడే వస్తున్నాయి.

మళ్లీ గెడ దించాడు. అది దిగుతూనే ఉంది. రెండు గెడల మధ్య వేసిన ముడి మునిగింది. అతని మణికట్లు మునిగాయి, మోచేతులు మునిగాయి. కింద ఏమీ లేదు.

నేల లేకపోతే పడవ ముందుకు పోదు, వెనక్కి రాదు. అది ఆటు వేళ, సముద్రం ఒడ్డు నుంచి వెనక్కి తగ్గుతోంది. నీళ్లు పడవను మెల్లగా, ఎవరికీ తెలియనంత మెల్లగా లోపలికి లాగుతున్నాయి.

పెళ్లాం అతని మొహం చూసి దగ్గరికి జరిగింది.

"తగల్లేదు కదూ? కేకెయ్. వెనక పడవ ఇంకా నేల అందేచోటే ఉంది. తాడు విసురుతారు."

"జనం వింటారే."

"వినడానికేగా కేక."

అతను జనం వైపు చూశాడు. అందరూ తన భుజాలనే చూస్తున్నారు. ఈ జనం ముందు తల దించుకోవడం కన్నా చావే నయమనిపించింది. ఆ చావులో వాళ్లకూ వాటా ఉందని ఆ క్షణాన తోచలేదు. సిగ్గుపడ్డవాడికి లెక్కలు రావు.

నిటారుగా నిలబడ్డాడు. ఒట్టి నీళ్లలో గెడ పెట్టి, నేలను నెట్టినట్టే భుజం వంచి నెట్టాడు.

"నడుము," అని కేకేశాడు.

జనం కాళ్లు చాపుకున్నారు. ఒకాయన చద్దిమూట విప్పాడు. వెనక పడవలు ధైర్యంగా ఊపందుకున్నాయి. పెళ్లాం నీళ్లు తోడడం ఆపేసింది.

కాసేపటికి, వెనక మొదటి పడవ అదే నల్లటి నీళ్లలోకి వచ్చింది. దాని గెడ దిగింది. చాలాసేపు ఆ పడవ నుంచి ఏ కేకా రాలేదు. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ వెంటనే కేక వినిపించాయి.

"నడుము."

దాని వెనకది కూడా అంది. ఆ వెనకది కూడా. ఒడ్డు సన్నటి గీతయిపోయింది.

పడవవాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "విన్నావా? వాళ్లకు తగిలింది. నాకే అందలేదు, నా గెడే ఏదో పక్కకు పోయింది. నడుము లోతేనట."

"ఏమయ్యా, నీకు మతి ఉందా?"

"అందరూ అబద్ధమాడతారా?" అన్నాడు. సరస్సులోనైతే నడుము లోతులో దిగి పడవను తోసుకుపోవడమే. గెడ పక్కన పెట్టి, పంచె ఎగదోపి, పడవ అంచు మీద కాలు వేశాడు.

ఆమె డబ్బా వదిలేసి రెండు చేతులతో అతని నడుం పట్టుకుంది.

జనం అది చూసి, దిగాల్సిన చోటు వచ్చిందనుకున్నారు. ఒకరి వెనక ఒకరు లేచి, తామూ పంచెలు ఎగదోపుకోసాగారు.