ఎర్రరేవు గడపలు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇటు వెలిగోట, అటు ఎర్రరేవు. రెండూళ్ళకీ ఇద్దరు రాజులు. ఏటి నీళ్ళ కోసమో, వాళ్ళ పొగరు కోసమో, ఏడేళ్ళు కొట్టుకు చచ్చారు. చివరికి వెలిగోట గెలిచింది. ఎర్రరేవు రాజు అడవుల్లో పడి పారిపోయాడు. ఊరెక్కడికి పారిపోతుంది పాపం? సగం కాలి, అక్కడే ఉండిపోయింది.

అప్పుడు వెలిగోట రాజు ఏమన్నాడో తెలుసా? "వీళ్ళు మళ్ళీ తలెత్తకూడదు. ఇంటింటికీ గడప ఊడబీకి తెండి" అన్నాడు. గడప లేకపోతే ఇక ఇల్లేముంది బంగారూ? పసుపు దేనికి రాస్తారు, సందెదీపం ఎక్కడ పెడతారు, కొత్తకోడలు ఏం దాటి లోపలికొస్తుంది? ఆ సంగతి రాజుకి బాగా తెలుసు, మహానుభావుడు.

ఆ పని కొండాచారి అనే వడ్రంగి మీద పడింది. పనిలో చెయ్యి తిరిగినవాడే కానీ నోట్లో నాలుక లేదు. ఉలీ సుత్తీ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి గడపలు ఊడదీశాడు. ఎర్రరేవు వాళ్ళు ఏడవలేదు, తిట్టలేదు. వరసగా నిలబడి అతని చేతులకేసే చూశారు. ఆ తర్వాత చాలా రోజులు అతనికి అన్నం సహించలేదు.

వెలిగోట వాళ్ళేమో తమ పాత గడపలన్నీ నడివీధిలో గుట్ట పోసి, గెలుపు మంట వేసి, చుట్టూ చిందులేశారు. వాటి చోట ఎర్రరేవు గడపలు బిగించుకున్నారు. రాజు కోటకి ఓడిన రాజు గడప. కొండాచారి ఇంటికి ఒక వేపగడప, నడిమధ్యన అరిగి నున్నగా గుంటపడినది.

మొదటిరోజు కొండాచారి భార్య మంగతాయి ఆ గడపకి పసుపు రాసింది. మిట్టమధ్యాహ్నానికి పసుపంతా బూడిదరంగుకి తిరిగింది. రెండోరోజు కొండాచారి గడప దాటి లోపలికొస్తే, వెనకే ఇంకో అడుగు చప్పుడైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మూడోరోజు వాళ్ళ ఆరేళ్ళ కూతురు పేరిందేవి ఆడుకుని వచ్చి, గడప బయటే ఆగిపోయింది.

"ఇంట్లో ఎవరండీ? లోపలికి రావచ్చా?" అంది.

"అదేం వేళాకోళమే, రా" అంది మంగతాయి.

పిల్ల తల్లికేసి కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "ఈ ఇంటివాళ్ళు పిలిస్తే వస్తానండీ" అంది. కన్నతల్లిని 'అండీ' అంది, వింటున్నావా! ఎత్తుకుని లోపలికి తెస్తే ఊపిరాడనట్టు గిలగిల్లాడింది. బయట దింపితే మళ్ళీ మామూలుగా నిలబడింది.

ఊళ్ళో పిల్లలందరిదీ అదే వరస. ఆ తర్వాత పెద్దవాళ్ళకీ అంటుకుంది. ఎవరింటి ముందు వాళ్ళే చుట్టాల్లా చేతులు కట్టుకుని నిలబడి "రావచ్చా?" అని అడుగుతున్నారు. లోపల్నించి ఎవరూ పలకరు. రాజు కూడా కోట ముందు మండుటెండలో కిరీటం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పెద్దవాళ్ళు ఎలాగో అరుగుల మీద రోజులు గడిపారు. పేరిందేవి మాత్రం ముద్ద ముట్టలేదు. పిలవని చోట తిననంది. మూడు రోజులకి పిల్ల పుల్లలా అయిపోయింది.

కొండాచారి నిమ్మకాయలు కోసి గడపకి దిష్టి తీశాడు. లాభం లేకపోయింది. అప్పుడు చిత్రిక పట్టాడు. ఎంత గీసినా నడిమి గుంట పోలేదు, పైగా అందులో చిన్నపిల్ల మడమ గుర్తు తేలింది. చివరికి గడపనే ఊడదీశాడు. "ఇక్కడ ఇల్లే లేదు కదా" అని పేరిందేవి ఏటివైపు నడక మొదలెట్టింది.  అతనికి ఏం తోచిందో ఏమో, ఆ గడప నెత్తికెత్తుకుని కూతురి వెంట పడ్డాడు.

ఏరు దాటేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఎర్రరేవులో ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి, చేతిలో వెలిగించిన ప్రమిద. దించడానికి గడప లేదు. వేళ్ళు కాలుతున్నా కదలకుండా నిలబడి ఉన్నారు. గాలి వీస్తోంది, ఒక్క దీపమూ ఊగడం లేదు. 

పేరిందేవి తిన్నగా గవరమ్మ అనే ముసలామె గుమ్మం ముందు ఆగింది. "లోపలికి రావచ్చా?" అంది.

కొండాచారి ఆ గుమ్మాన్ని గుర్తుపట్టాడు. నెత్తిమీది గడప దించి ముసలామె కాళ్ళమీద పడ్డాడు. "పిలువమ్మా! ఒక్కసారి రమ్మని పిలువు. లేకపోతే నా బిడ్డ నాకు దక్కదు."

"ఏ ఇంట్లోకి రమ్మని పిలవనురా?" అంది గవరమ్మ. "నా మనవరాలు ఆ గడపమీదే గెంతుతూ పెరిగింది. యుద్ధంలో పోయింది. నీ ఇంట్లో నీ వెనకాల నడిచింది అదే. దాని ఇంటికి అది రాలేకపోతోంది, నీ పిల్ల నీ ఇంటికి రాలేకపోతోంది. నేనేం చెయ్యలేదు నాయనా. చేసింది నీ ఉలి."

కొండాచారి లేచాడు. మట్టి తవ్వి, గడపని ఉన్నచోటే ఉన్నట్టే బిగించాడు. గవరమ్మ పసుపు రాసి, ప్రమిద దాని మీద పెట్టి, బొబ్బలెక్కిన వేళ్ళు ఊదుకుంది.

"రండి తల్లీ, ఇద్దరూ లోపలికి రండి" అంది.

గడప దాటింది ఒక్క పిల్లే. అడుగుల చప్పుడు మాత్రం ఇద్దరిది.

పేరిందేవి కడుపునిండా తింది. ఆ తర్వాత "నాన్నా, మనింటికి పోదాం" అంది. అప్పుడు ఏడ్చాడు కొండాచారి, ఇన్నాళ్ళదీ కలిపి.

అతను చెప్పింది రాజు విన్నాడు. ఎండలో నిలబడి నిలబడి ఆయన బుర్ర కాస్త మెత్తబడింది లే. గడపలన్నీ వెనక్కి పంపాడు. వాటి వెంట వాసాలు, తాటాకులు, దున్నుకోవడానికి ఎద్దులు కూడా పంపాడు. ఊడబీకిన చేతులే మళ్ళీ ఆ ఊరు కట్టాయి.

మరి వెలిగోట గడపలో? అవి చిందుల మంటలో ఏనాడో బూడిదయ్యాయి. అప్పుడు గవరమ్మ తన పెరట్లో సగం కాలిన వేపచెట్టు కొట్టించి, ఏరు దాటించి తెచ్చింది. "ఇల్లన్నాక గడప ఉండాలిగా" అంది. ఆమె వెనకే ఎర్రరేవు ఊరంతా తలో దుంగా మోసుకొచ్చింది. అప్పటికి గానీ గెలిచినవాళ్ళు తమ ఇళ్ళలో కాలు పెట్టలేకపోయారు.

కొండాచారి ఇంటి గడపకి ఒక పక్క మసి ఎప్పటికీ పోలేదు. ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం పేరిందేవి లోపలికొస్తుంటే వెనకాల ఇంకో అడుగు వినబడేది. ఆ పిల్ల బెదిరేది కాదు. వెనక్కి తిరక్కుండానే "రావే, లోపలికి రా" అనేది.

కథ నడిచె కంచికి,
దీపమొచ్చె గడపకి,
ఎవరిల్లు వాళ్ళకి,
కునుకు నీ కంటికి.