ఓపిక కొన్న సూరీడమ్మ

ఊఁ కొట్టేవాళ్లుంటేనే కథ ముందుకు నడుస్తుంది. లేకపోతే చెప్పేవాడు గోడకు చెప్పుకోవాలి. నాకు గోడలతో అలవాటే గానీ, వాటికి నవ్వడం రాదు. కాబట్టి ఊఁ కొట్టండి. అనగనగా కొండకీ ఏటికీ నడుమ చింతలసీమ అని ఒక చిన్న రాజ్యం.

ఆ రాజ్యానికి రాణి కనకవల్లీదేవి. ఆమెకో మంత్రి. ఆయన పేరు బహుశ్రుతుడు, అంటే చాలా విన్నవాడు అని. తల్లిదండ్రులు ముచ్చటపడి ఆ పేరైతే పెట్టారు గానీ, ఎదుటివాడు రెండో మాట అనేలోపే ఆయన మూడోది అనేసేవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మరుసటేడు వానలు వచ్చాయి గానీ, జనం ఒంట్లో సత్తువ రాలేదు. అన్నిటికంటే చితికిపోయిన ఊరు ఏటి అవతలి రెల్లుగడ్డ. రాణి ఆలోచించి ఒక ఆజ్ఞ వేసింది. పున్నమికి పున్నమికి ఆ ఊళ్లో ఇంటికి ఐదు వెండి రూకలు. వాటితో ఏం చేసుకోవాలో వాళ్లిష్టం.

మంత్రి గుండె చెరువైపోయింది. పున్నమి వచ్చినప్పుడల్లా అదే పాట.

"దేవీ! కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే! చేతికి డబ్బిస్తే ఒకడు విందులు చేస్తాడు, ఒకడు పడుకుంటాడు, ఒకడు పని మానేసి అరుగు మీద కూర్చుంటాడు. ఇది రాసి పెట్టుకోండి."

"రాసుకోవడం దేనికి? నాలుగు పున్నములు గడిచాయి. నువ్వే వెళ్లి చూసి రా," అంది రాణి. "వృథా అని నువ్వంటే ఐదో పున్నమి నుంచి ఆపేస్తాను. కాదంటే సాగిస్తాను. నీ మాటే ఆఖరు."

ఆఖరి మాట తనదే అయితే మంత్రికి పండగే. సభవారు తన తెలివికి మెచ్చి కప్పిన జరీ శాలువా భుజాన వేసుకున్నాడు. పల్లకీ ఎక్కితే ఊరు జాగ్రత్తపడుతుందని ఒంటరిగా, కాలినడకన బయల్దేరాడు.

ఏరు దాటుతుంటే నాచు మీద కాలు జారింది. మంత్రి లేచాడు గానీ నడుముకున్న డబ్బు సంచి లేవలేదు. ఆ నెల ఏటి చేపలకు పున్నమి ముందే వచ్చింది.

తడిబట్టలతో, ఖాళీ కడుపుతో రెల్లుగడ్డ చేరాడు. మొదటి ఇల్లు పోతురాజుది. వాకిట్లో ఎంగిలి విస్తళ్లు కుప్పగా పడున్నాయి.

"ఏమిటివి?" అన్నాడు మంత్రి.

"నిన్న ముప్పైమందికి అన్నం పెట్టాం బాబూ," అన్నాడు పోతురాజు. "పప్పూ, గుమ్మడికాయ పులుసూ. మా ఆవిడ చెయ్యి పడితే..."

"విందు! నేను చెప్పలేదా!" అన్నాడు మంత్రి గాలితో.

"విందు కాదు బాబూ, అదేంటంటే, మా ఊళ్లో..."

కానీ మంత్రి అప్పటికే వీధిలో ఉన్నాడు. అనుకున్నది దొరికాక ఇంకా వినడం దేనికి?

రెండో ఇంటి ముందు ఒక ముసలమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చుంది. లోపల మంచం మీద ఆమె కోడలు చిట్టెమ్మ, మిట్టమధ్యాహ్నం, హాయిగా నిద్రపోతోంది.

"పట్టపగలు నిద్రా?" అన్నాడు మంత్రి.

"ష్! గొంతు తగ్గించు నాయనా," అంది ముసలమ్మ. "బాలింత. ముందు రెండు కాన్పులకీ మూడో రోజునే కలుపు తియ్యడానికి పోయింది. కూలికి పోకపోతే గంజి లేదు మరి. ఒక బిడ్డ దక్కలేదు. ఈసారి మూడు వారాలు మంచం దిగనివ్వనని ఒట్టు పెట్టాను. నువ్వేంటి, మొహం అలా పీక్కుపోయింది? గంజి పొయ్యనా?"

మంత్రి నోరు ఊరింది. కానీ పేదవాళ్లింట గంజి తాగితే మంత్రితనం ఏం కాను? "అక్కర్లేదు," అని తల తిప్పుకున్నాడు. "ఇది రెండోది," అన్నాడు గాలితో. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

ఊరి మధ్యలో వర్తకుడు గవరయ్య కొట్టు. అప్పటికి మంత్రి కళ్లకు రెల్లుగడ్డ రెండు ఊళ్లుగా కనిపిస్తోంది.

"ఇంత అన్నం పెట్టు. రేపు డబ్బు పంపిస్తాను. నేను మంత్రిని," అన్నాడు.

గవరయ్య ఆయన బురద కాళ్ల నుంచి తల దాకా చూశాడు. "నేను మహారాజుని," అన్నాడు. "శాలువా బాగుంది. ఇస్తారా?"

"ఇది నూరు రూకల శాలువా!"

"అయ్యుంటుంది. నా దగ్గర పెరుగన్నం రెండు ముద్దలుంది."

"నూరు రూకలకి రెండు ముద్దలా!"

"బలవంతం లేదు బాబూ. రేపు రండి. రేపటి దాకా ఆకలి ఆగుతానందా, అడిగి చూడండి."

ఆగనంది. రెండు ముద్దలూ గొంతు దిగాయి, శాలువా గవరయ్య భుజం ఎక్కింది. అదే శాలువాతో గవరయ్య మూడో ఇంటికి బయల్దేరాడు. మంత్రీ వెనకే నడిచాడు.

మూడో ఇల్లు సూరీడమ్మది. మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వెనక గాదెలో నిండుగా నువ్వులు.

"సూరీడమ్మా, కుంచానికి రూక ఇస్తాను. కొలిచెయ్," అన్నాడు గవరయ్య.

"ఇవాళ బాగా ఎండ కాస్తోంది గవరయ్య బాబూ," అంది సూరీడమ్మ.

"ఎండ సంగతి కాదు. రూకన్నర."

"సాయంత్రానికి మబ్బు పట్టొచ్చు."

"పురుగు పడుతుంది, ఎలుక తింటుంది, అప్పుడు నా కాళ్లు పట్టుకుంటావు. రెండు రూకలు. ఇంక నా వల్ల కాదు!"

"నీ వల్ల కాకపోతే మానెయ్ బాబూ. నీ కాళ్లు నీకే ఉంచుకో."

గవరయ్య విసురుగా వెళ్లిపోయాడు. మంత్రి అరుగు దగ్గరికి వచ్చాడు. "పున్నమి డబ్బుతో ఏం కొన్నావమ్మా?"

"ఓపిక కొన్నాను."

మంత్రి ఇంట్లోకి తొంగి చూశాడు. చాట, కుండలు, చీపురు. "ఎక్కడ పెట్టావు?"

"దాని మీదే కూర్చున్నాను," అని నవ్వింది సూరీడమ్మ. "ప్రతి ఏడూ కళ్లంలో నువ్వులు దులిపిన రోజే ఈ గవరయ్య వచ్చేవాడు. కుంచానికి రూక. నెలాగితే ఏటి అవతల గానుగవాళ్లు వస్తారు, మూడిస్తారు. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. కానీ నెల ఆగాలంటే నెల తినాలి కదా! పిల్లలు ఆకలంటుంటే మూడు రూకల తెలివి ఎందుకూ కొరగాదు. ఇప్పుడు తిండి గింజలకు రాణమ్మగారి డబ్బుంది. ఇంకో పది రోజులు. ఈలోగా పున్నమి వస్తుంది. ఆ ఐదు రూకలు అందితే గట్టెక్కుతాను. అందకపోతే ఆ మర్నాడే గవరయ్యకి కొలిచెయ్యాలి."

అంటూ ఆమె ఆయన ఖాళీ భుజం చూసింది. వీధి చివర మెరుస్తూ వెళ్తున్న జరీ చూసింది.

"ఆ శాలువా మీదా బాబూ? ఎంతకిచ్చారు?"

మంత్రి నేల చూపులు చూశాడు. "రెండు ముద్దల పెరుగన్నానికి."

సూరీడమ్మ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "అయ్యో," అంది మెల్లగా. "మీకు ఒక్క పూట అలా అయింది. మాకు ఏడాది పొడుగునా అదే పూట."

మంత్రి వదిలేసిన మాట వినడానికి వెనక్కి తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

తిరుగుదారిలో ముసలమ్మ ఇంటి ముందు ఆగి గంజి అడిగి తాగాడు. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది, గట్టి గొంతు. పోతురాజు వాకిట్లో కూర్చుని, అతను చెప్పబోయింది మొదటినుంచి చెప్పమన్నాడు.

"మా ఊళ్లో ఒకరి చేలో ఒకరు పనిచేస్తాం బాబూ. చేసినవాళ్లకి కూడు పెట్టాలి. పెట్టలేక రెండేళ్లు ఎవర్నీ పిలవలేదు, మమ్మల్నీ ఎవరూ పిలవలేదు. నిన్న పెట్టాం. అటు చూడండి."

రెండేళ్లు బీడుపడ్డ చేలో పదకొండు అరకలు దున్నుతున్నాయి.

మంత్రి సభకు చేరేసరికి అందరి కళ్లూ ఆయన భుజం మీదే. "శాలువా ఏది మంత్రివర్యా?" అన్నారు.

దారిలో దొంగలు పడ్డారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే పరువు దక్కుతుంది. కానీ ఊరివాళ్లు చెప్పిందే తాను చెబితే సభ నమ్మదు. వారం కిందట తనే నమ్మేవాడు కాదు. నమ్మించడానికి తన దగ్గరున్నది తన తెలివితక్కువతనం ఒక్కటే. సూరీడమ్మ పది రోజులు గుర్తొచ్చాయి. నాలుకను వెనక్కి లాక్కుని, ఏటిలో జారిన దగ్గర్నుంచి రెండో ముద్ద దాకా ఉన్నదున్నట్టు చెప్పాడు.

సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. రాణి నవ్వు ఆగేదాకా ఆగి అడిగింది.

"మరి వృథా ఎంతయింది మంత్రీ?"

"ఒక్క శాలువా, దేవీ. అదీ ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లందరికంటే ఎక్కువ చదువుకున్నవాడు చేశాడు."

ఐదో పున్నమికి రెల్లుగడ్డలో ఇంటింటికీ రూకలు అందాయి. ఆ తర్వాత నాలుగో రోజున గానుగవాళ్లు ఏరు దాటి వచ్చారు. సూరీడమ్మ అరుగు మీంచి లేచి, కుంచం చేతికి తీసుకుని, మూడు రూకల లెక్కన నిదానంగా కొలిచింది.

అందుకే పెద్దలంటారు: లేనివాడు బుద్ధి లేక చెడడు, గడువు లేక చెడతాడు, వాడి బుద్ధిని నమ్మి గడువిచ్చినవాడే అసలైన దాత.