ముత్యాలు వెళ్ళాలనుకున్న దీవి

ఏరు సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున ఒక జాలరి పేట ఉండేది. ఆ పేటలో మనుషులు చేపల గురించి మాట్లాడుకుంటే పశువులు గడ్డి గురించి మాట్లాడుకునేవి. అక్కడ గడ్డి తక్కువ, దాని గురించిన మాటలు ఎక్కువ.

మేకల మందలో ముత్యాలని ఒకతి ఉండేది. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి. దానికి ఒకటే పిచ్చి. ఒడ్డుకు కూతవేటు దూరంలో, సముద్రం మధ్యన పచ్చగా ఓ దీవి కనిపించేది. కొబ్బరి చెట్లు, మొగలి పొదలు, ఎవరూ నోరు పెట్టని పచ్చిక. మంద ఊసు లేకుండా, కర్రతో అదిలించే మనిషి లేకుండా తనొక్కతే అక్కడికి వెళ్ళి తిరగాలని దాని కోరిక.

ఆ కోరికను కనిపెట్టింది గుంటనక్క వీరాస్వామి. కుక్కలన్నీ పడవల దగ్గర చేపల కోసం కాచుకునే వేళ చూసుకుని పొదల చాటుకు వచ్చేది.

"కోడలా, రోజూ అటే చూస్తున్నావు. దారి చెప్పనా?"

ముత్యాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "సముద్రంలో దారేమిటి మావా?"

"అమావాస్యకీ పౌర్ణమికీ మిట్టమధ్యాహ్నం నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. ఇసుక దిబ్బ ఒకటి పైకి తేలుతుంది. ఇక్కడినుంచి దీవి దాకా నీ గిట్టలు తడవకుండా నడిచిపోవచ్చు. ఓ గంట ఉంటుంది, అంతే. తర్వాత నీళ్ళు కమ్మేస్తాయి. ఏటి ఉరవడి అంతా అక్కడే, ఈదినవాడు లేడు."

"అమావాస్యకి ఇంకా పన్నెండు రోజులుంది!"

"మంచిదే. తయారవడానికి పనికొస్తుంది. బాగా తిను, ఒళ్ళు చెయ్యాలి. మెడలో గంట తీసేసి రా, ఆ చప్పుడుకి మొసళ్ళు లేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరితోనూ అనకు. మందకి మందంతా వెంటపడితే ఆ పచ్చిక రెండు పూటలు కూడా రాదు."

ఆ రోజునుంచి ముత్యాలు కాళ్ళు నేల మీద నిలవలేదు. పొద్దున్నే తడి ఇసుకలో నడక సాధన. మధ్యాహ్నం కంచె కర్రకు మెడ తాడు రాపిడి, గంట ఊడిపోవాలని. పడుకుంటే దీవి ఆలోచనే. మొదటి రోజు కొబ్బరి చెట్ల నీడలో కాళ్ళు చాపుకుని పడుకోవాలి. రెండో రోజు దీవి చుట్టూ ఒక చుట్టు చుట్టాలి, ఎక్కడ ఏ ఆకు ఉందో చూసుకోవాలి. మూడో రోజు దగ్గరికి వచ్చేసరికి నోట్లో నీళ్ళూరి ఆలోచన ఆగిపోయేది.

ఎనిమిదో రోజున ఇక ఆపుకోలేక బంగారమ్మకు చెప్పేసింది. బంగారమ్మ ముసలి గేదె. రోజంతా ఏటి పాయలో మెడ దాకా మునిగి ఉండేది, తొందరన్నది ఎరగదు.

అంతా విని, నెమరేయడం పూర్తిచేసి అడిగింది. "వెళ్ళడం సరే పిల్లా. రావడం ఎలాగ?"

"ఆ?"

"మళ్ళీ దిబ్బ తేలేది పదిహేను రోజులకి కదా. అప్పుడు నీకు సమయం చెప్పేదెవరు? పొరపాటున దాటిపోతే?"

ముత్యాలు బిత్తరపోయింది. పన్నెండు రోజుల పథకంలో ఆ ఒక్క మాటా లేదు. "మావనే అడుగుతా," అంది చిన్నబుచ్చుకుని.

మర్నాడు అడిగింది. నక్క మామూలుగా ఏ ప్రశ్నకైనా ఠక్కున జవాబు చెప్పేది. ఈసారి నవ్వేసింది.

"ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినదానివి నువ్వొక్కతెవే!"

"నాకంటే ముందు ఎంతమంది వెళ్ళారు మావా?"

"నలుగురు. అందరూ మీ మందవాళ్ళే."

"ఒక్కరూ తిరిగి రాలేదా?"

"అక్కడి సుఖం మరిగినవాళ్ళు ఈ ఉప్పు గడ్డికి వస్తారా?"

పోయిన ఏడు ముత్యాలు పినతల్లి కూతురు రత్తి కనపడకుండా పోయింది. పోటు నీళ్ళు లాక్కుపోయాయనుకుని మందంతా రెండు రోజులు మేత ముట్టలేదు.

"రత్తి కూడా వెళ్ళిందా? చెవికి చిల్లున్న పిల్ల?"

"ఓ, ఆ పిల్లా!" నక్క కళ్ళు అరమూతలు పడ్డాయి. నాలుక బయటికొచ్చి పెదవులు తడుపుకుంది. "మహా మెత్తనిది."

అన్న తర్వాతగానీ అన్నదేమిటో దానికి తెలియలేదు. "మనసు, మనసు మెత్తనిది అంటున్నా," అంది గబగబా.

ముత్యాలు నోట్లో ఉన్న ఆకు అలాగే ఉండిపోయింది. నమలడం కూడా మరిచిపోయింది. చెవుల్లో సముద్రపు హోరు తప్ప మరేమీ వినపడలేదు. ఎన్ని రోజులుగా తను ఈ నోటి ముందు నిలబడి 'మావా మావా' అంటోంది! బాగా తిను అంటే ఎవరి కోసం తిన్నట్టు? ఎవరికీ చెప్పకు అంటే ఎందుకన్నట్టు?

పారిపోతే అక్కడే మీద పడుతుంది. అది మాత్రం తెలిసింది. ఎలాగో ఆకు మింగి, "అలాగే మావా, అమావాస్యకి కలుద్దాం," అని మామూలు నడకతో వెనుదిరిగింది. పాయ చేరేదాకా వెనక్కి చూడలేదు. చేరాక బంగారమ్మకు అంతా చెప్పేసింది.

కథంతా విన్న బంగారమ్మ నెమరు ఆగిపోయింది. "నాలుగు ప్రాణాలు," అంది. "ఒక్కొక్కరు పోయినప్పుడల్లా నీళ్ళని తిట్టుకున్నాం. మన కళ్ళ ముందునుంచే వెళ్ళారు."

"పెద్దమ్మా, నేను వెళ్ళను. కానీ వాడు వెళ్తాడు."

అమావాస్య ముందురోజు ముత్యాలు నక్క దగ్గరికి వెళ్ళింది. ముఖమంతా సిగ్గు తెచ్చిపెట్టుకుంది.

"మావా, తప్పు చేశా. ఇద్దరికి చెప్పేశాను. సీతాలు, ఎల్లి. వాళ్ళూ వస్తామంటున్నారు."

నక్క తిట్టబోయి ఆగింది. సీతాలు, ఎల్లి మందలోకెల్లా బలిసినవాళ్ళు. "సరేలే," అంది గొంతు తగ్గించి. "ముగ్గురూ రండి."

"కానీ వాళ్ళకి నువ్వంటే భయం. ఒడ్డున నిన్ను చూశారంటే వెనక్కి పరిగెడతారు. నువ్వు ముందే దాటి మొగలి పొదల్లో కూర్చుంటే, నేను వాళ్ళని నిదానంగా నడిపించుకొస్తా."

మర్నాడు మిట్టమధ్యాహ్నం నీళ్ళు వెనక్కి పోయాయి. దిబ్బ తేలింది. వీరాస్వామి ఒక్క పరుగున దీవి చేరి పొదల్లో దూరింది. మూడు మేకలు ఒడ్డుకొచ్చాయి. ముత్యాలు అంతకు ముందే వాళ్ళిద్దరికీ సంగతంతా చెప్పింది. వాళ్ళకీ భయమే, అయినా వచ్చారు.

దిబ్బ మీద పది అడుగులు వేశారు. ఆగారు. సీతాలు కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు కూర్చుంది. ఇంకో అయిదు అడుగులు. ఎల్లి సముద్రపు నాచు వాసన చూస్తూ నిలబడిపోయింది. పొదల్లోంచి చూస్తున్న నక్కకు ప్రాణం లేచొస్తోంది. వస్తున్నారు, వచ్చేస్తున్నారు, మూడు మేకలు! ఆ లెక్కలో పడి ఎండ ఎటు వాలిందో చూసుకోలేదు.

ముందు నీళ్ళు చూసింది ముత్యాలే. దిబ్బ నడుమ సన్నటి మెరుపు పాకింది. "వెనక్కి!" అని అరిచింది. ముగ్గురూ ఒక్క ఉదుటున ఒడ్డెక్కారు.

నక్క బయటికి దూకింది. అప్పటికే దిబ్బ మధ్య భాగం మునిగిపోయింది. ఏరు సుళ్ళు తిరుగుతోంది. ముందు కాళ్ళు పెట్టి చూసింది. నీళ్ళు లాగేశాయి. కేకపెట్టి వెనక్కి గెంతింది. నమ్మలేనట్టు ఇటు చూసింది, నీళ్ళు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. నోరు తెరుచుకునే ఉంది.

"కోడలా! ఇదేమిటి?"

"వెళ్ళడం సులువే మావా!" ముత్యాలు గొంతు పగిలేలా అరిచింది. "రత్తిని ఎక్కడ పడేశావో వెతికి దాని పక్కన కూర్చో!"

ఆ మాటతో ముత్యాలు ఏడుపు బయటపడింది. సీతాలు, ఎల్లి చెరోవైపు ఒరుసుకుని నిలబడ్డారు.

బంగారమ్మ సాయంత్రానికి సంగతి పేట కుక్కలన్నిటికీ చేరవేసింది. పదిహేను రోజులకి పౌర్ణమి వచ్చింది, దిబ్బ తేలింది. పీతలు తిని ఎముకలు తేలిన నక్క ఆశగా పరిగెత్తుకొచ్చింది. సగం దారిలో ఆగిపోయింది. ఇవతలి కొసన ఏడు కుక్కలు వరసగా పడుకుని దానికేసే చూస్తున్నాయి. తోక ముడిచి, నీళ్ళు రాకముందే మళ్ళీ మొగలి పొదల్లోకి వెళ్ళిపోయింది.

నీతి: ఎవరికీ చెప్పకుండా రమ్మన్నవాడు చూపే దారి ఎంత పచ్చగా ఉన్నా, బయలుదేరే ముందు నీవాళ్ళలో ఒకరికైనా చెప్పు.