పులి తోక చూసిన పైడితల్లి

నాగావళి ఒడ్డున ఓ ఊళ్లో, పిల్లలంటే ప్రాణం పెట్టేదే గానీ వాళ్లు నోరు విప్పితే మాత్రం ఒళ్లు మండిపోయే అంగన్‌వాడీ టీచర్ గౌరీశ్వరి ఉండేది.

ఒకరోజు సూపర్‌వైజర్ అనసూయ గారు ఆమెకో బొమ్మల పుస్తకం ఇచ్చారు. "వారం రోజులు పిల్లలకు చదివి వినిపించమ్మా. సోమవారం వస్తాను. కథ వాళ్లే చెబితే పెట్టెడు పుస్తకాలు మీకే. లేదంటే పక్క ఊరికి ఇచ్చేస్తాం" అన్నారు. గౌరీశ్వరికి ఆ పెట్టె మీద ఎక్కడలేని ఆశ పుట్టింది. ఆమె దగ్గర పాత క్యాలెండర్ బొమ్మలు తప్ప ఇంకేమున్నాయి గనుక!

అది గొంగళి కప్పుకుని సంతకెళ్లిన పులి కథ. "అనగనగా ఒక పులి" అని మొదలుపెట్టగానే పిల్లలంతా "ఊ" అన్నారు. ఇంట్లో అవ్వల దగ్గర అలవాటైన ఊ అది.

"ఊ లేదు, ఆ లేదు! నోటి మీద వేలేసుకోండి" అని కసిరింది గౌరీశ్వరి.

బొమ్మలో గొంగళి కింద వేలాడుతున్న పులి తోకను చూసి నాలుగేళ్ల పైడితల్లి ఆగలేకపోయింది. "టీచర్, తోక!" అని కేక పెట్టింది.

"తోకా లేదు, ఈకా లేదు. కూర్చో!"

వారమంతా అదే వరస. పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. ఎంత బుద్ధిమంతులో అని గౌరీశ్వరి తెగ మురిసిపోయింది.

సోమవారం అనసూయ గారు వచ్చారు. "పులి ఏం చేసిందర్రా?" అని అడిగారు. ఒక్కరూ పలకలేదు. అందరి వేళ్లూ నోటి మీదే ఉన్నాయి.

"చెప్పండర్రా, నా బంగారాలు కదూ!" అని గౌరీశ్వరి బతిమాలింది. ఉహూఁ. అనసూయ గారు లేచి చేతిసంచి అందుకున్నారు.

అప్పుడు పైడితల్లి వేలు కాస్త పక్కకు జరిపి, "టీచర్, ఊ అనొచ్చా?" అని అడిగింది.

గౌరీశ్వరికి తల కొట్టేసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం తెచ్చి పిల్లల మధ్య నేల మీద పరిచింది. "అనొచ్చు తల్లీ. అనగనగా ఒక పులి..."

"ఊ!" గది దద్దరిల్లింది.

"గొంగళి కప్పుకుంది!" "సంతకెళ్లింది!" "సంతలో ఓ అవ్వ తోక తొక్కేసింది!" పైడితల్లి అయితే ఏకంగా పుస్తకం మీదికెక్కి ఆ తోకను చూపించింది. గౌరీశ్వరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కథ అయ్యేదాకా ఊ కొడుతూ కూర్చుంది.

పెట్టె ఆ సాయంత్రమే వచ్చింది.

నీతి: నోరు మూయించి చెప్పిన కథ పిల్లల చెవి దాకానే వెళ్తుంది; ఊ కొట్టనిచ్చి చెప్పిన కథే వాళ్లదవుతుంది.