మాచమ్మ పీట

ఒకానొక రాజ్యంలో, పేరుకు తగ్గ గొంతున్న ప్రచండసేనుడనే రాజు కొలువు తీరి ఉండేవాడు. శాస్త్రానికొక పండితుణ్ణి పెట్టుకున్నాడు. వాళ్ల వాదులాటలు భరించలేక ఒక శాసనం వేయించాడు. ఎవరి శాస్త్రం వాళ్లే మాట్లాడాలి, రెండోదాని జోలికి వెళితే దేశబహిష్కారం. ఇంతటి ఆలోచన ఏ రాజుకూ తట్టలేదని మురిసిపోయేవాడు కూడా.

ఆ శాసనానికి మొదట చిక్కింది మాచమ్మ. తాటాకు గ్రంథాలకు నకళ్లు రాసే పిల్ల. గురువంటూ ఎవరూ లేరు, రాసిందల్లా చదివేసేది. దగ్గుతున్న ద్వారపాలకుడికి శొంఠి కషాయం చెప్పింది, పడవవాళ్లకు గ్రహణం ఎప్పుడో చెప్పింది. దగ్గు తగ్గింది, గ్రహణమూ పట్టింది. పండితులకు అదే మంట. వైద్యుడొచ్చి ఒక ఫిర్యాదు చేశాడు, జ్యోతిష్కుడొచ్చి మరొకటి.

"రేపు పొద్దుటికి పొలిమేర దాటాలి నువ్వు," అన్నాడు రాజు, ఆమెను కొలువుకు పిలిపించి.

ఆ గ్రంథాలు వదిలి ఎక్కడికి పోతుంది? అయినా మాచమ్మ తల దించలేదు.

"దాటుతాను ప్రభూ. ముందు సాక్షుల్ని అడగనివ్వండి."

"అడుగు."

"వైద్యులవారూ, నేను మాట్లాడింది ఏ శాస్త్రం?"

"వైద్యం. మా సొత్తు," అన్నాడాయన మీసం దువ్వుతూ.

"మరి గ్రహణం సంగతో? అది జ్యోతిషమేనా?"

వైద్యుడు నోరు తెరిచి, శాసనం గుర్తొచ్చి మూసేశాడు. "అది నేను చెప్పకూడదు."

జ్యోతిష్కుణ్ణి అడిగితే గ్రహణం తనదేనన్నాడు. కషాయం వైద్యమేనా అంటే సభ పైకప్పుకేసి చూశాడు.

"విన్నారుగా ప్రభూ. ఈయన్ని అడిగితే నాది వైద్యం, ఆయన్ని అడిగితే జ్యోతిషం. రెండూ ముట్టుకున్నానని చెప్పే నోరు మీ కొలువులో ఒక్కటీ లేదు."

రాజు సింహాసనం మీంచి లేచాడు. "నేను చెబుతున్నాను. కషాయం వైద్యం, గ్రహణం జ్యోతిషం. ఆ మాత్రం నాకు తెలియదా?"

"తెలుసు ప్రభూ," అంది మాచమ్మ నిదానంగా. "పొలిమేర దాకా ఒంటరిగా నడవాలేమోనని బెంగపడ్డాను. మీరూ వస్తున్నారన్నమాట."

రాజు మొహం ఎర్రబడింది. మీసాలు అదిరాయి. చివరికి పొట్ట పట్టుకుని నవ్వేశాడు. శాసనం రద్దు చేయించి, తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు.

"నీకూ కొలువులో పీట వేయిస్తాను. ఏ పండితుల వరసలో?"

"వరసల మధ్య దారి ఉంది కదా ప్రభూ, అక్కడ."

ఆనాటి నుంచి ఏ పండితుడు తన చోటికి చేరాలన్నా, మాచమ్మను కాస్త జరగమని బతిమాలుకోవాల్సిందే.