తాడు ఎవరి చేతికి?

ఒకానొక కొండరాజ్యంలో (పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు) ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మీసం బారెడు, ధైర్యం చిటికెడు.

అతని కోటగోడ కింద, లోయ మీదికి పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. దాన్ని డేగగూడు అనేవారు. శత్రువు జాడ అక్కణ్ణుంచే తెలిసేది. కాపలావాణ్ణి తట్టలో కూర్చోబెట్టి తాడుతో దించాలి. తాడు ఎవరు పట్టాలో దిగేవాడే చెప్పడం అక్కడి ఆచారం. ప్రాణం వాడిది కదా మరి!

ఏడేళ్లుగా దిగేవాడు ఓబులేసు, తాడు పట్టేవాడు బయ్యన్న.

యుద్ధం రాబోతోందని సైనికుల పేర్లు రాస్తున్నారు. "నువ్వు పోతే కబురెవరికి పంపాలి?" అని అడిగాడు లేఖకుడు.

"ఓబులేసుకి," అన్నాడు బయ్యన్న.

"అన్నా, తమ్ముడా?"

"కాదు. నా మనిషి. మేం ఆలుమగల్లా బతుకుతున్నాం."

సైన్యానికంతా తెలిసిన సంగతే. నోటితో అనడమే కొంప ముంచింది. సేనాపతి, అంటే రాణిగారి తమ్ముడు, పరుగున వెళ్లి రాజు చెవిలో ఊదాడు. "వలపులో పడ్డవాళ్లు శత్రువును చూడరు బావగారూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు!"

"ఇద్దర్నీ రేపు పొద్దున్నే కోటగోడ మీంచి లోయలోకి తోసెయ్యండి," అన్నాడు రాజు తాంబూలం నములుతూ.

చెరలో ఇద్దరికీ ముద్ద దిగలేదు. "అనకుండా ఉండాల్సిందిరా," అన్నాడు ఓబులేసు.

"చచ్చేముందు అబద్ధం రాయించనా?" అన్నాడు బయ్యన్న. వాడికీ భయమే.

ఆస్థానంలో అక్కుభట్టు అనే చమత్కారి ఉండేవాడు. పొద్దున్నే ఇద్దర్నీ కోటగోడ మీదికి తెచ్చేసరికి అక్కుభట్టు రాజు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. అరికాళ్లకు చెమట పడుతోంది. ఎత్తు పారకపోతే లోయలోకి పోయే మూడో మనిషి తానే!

"ప్రభూ, తమ తాతగారి కట్టడి ఒకటుంది. డేగగూటి కాపలావాణ్ణి తీసెయ్యాలంటే రాజే స్వయంగా దిగి, అక్కడ హెచ్చరికకు ఊదే కొమ్ముబూర వెనక్కి తేవాలి. తాతగారు రెండుసార్లు దిగారు. తమరికి భయమైతే..."

ఆ కట్టడి ఏ తాళపత్రంలో ఉందో నన్నడక్కండి.

"భయమా? మాకా?" రాజు మీసం దువ్వి తట్టలో కాలు పెట్టాడు. అప్పుడు కిందికి చూశాడు. ఏనుగంత బండలు శనగగింజల్లా కనబడ్డాయి.

"తాడు ఎవరికివ్వమంటారు?" అన్నాడు అక్కుభట్టు.

"నేనున్నా బావగారూ!" అని సేనాపతి చెయ్యి చాచాడు.

పిల్లల్లేని రాజుకు, తన తర్వాత గద్దె ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. చుట్టూ ఉన్న భటులూ సేనాపతి మనుషులే.

"ఆ... ఆ బయ్యన్నకివ్వండి."

"చావబోయేవాడు ప్రభూ! కసికొద్దీ వదిలేస్తేనో?"

రాజు వేలెత్తి చూపాడు. "ఓబులేసుని నా పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు వదలడు."

తట్ట దిగింది. సగంలో గాలి విసిరికొట్టింది, తాడు జానెడు జారింది. "అమ్మో!" అని రాజు ఓబులేసుని కరుచుకున్నాడు. పైన బయ్యన్న తాడును నడుముకు చుట్టి, రాతికి కాళ్లు తన్నిపట్టాడు. అరచేతుల తోలు ఊడింది. పట్టు మాత్రం వదల్లేదు.

రాజు కొమ్ముబూరతో పైకొచ్చాడు.

"ఇక తోయించమంటారా?" అన్నాడు సేనాపతి.

"ఒక్క సందేహం ప్రభూ," అన్నాడు అక్కుభట్టు. "వలపున్నవాడు కొలువుకు పనికిరాడన్నారు. మరి తమ ప్రాణం వాడి చేతికే ఎందుకిచ్చారు?"

రాజు బయ్యన్న చేతుల నెత్తురు చూశాడు, బావమరిదిని చూశాడు. ముందు మీసం అదిరింది, తర్వాత పొట్ట. పగలబడి నవ్వాడు. "ఓరి అక్కుభట్టూ! తీర్పు నా చేతే చెప్పించావు కదయ్యా!" అని తన హారం తీసి అతని మెడలో వేశాడు.

"హారం సరే ప్రభూ, లేఖకుణ్ణి కూడా పిలిపించండి. రాత సగంలో ఆగింది."

లేఖకుడు రాజు ఎదుటే రాశాడు: "బయ్యన్న పోతే కబురు ఓబులేసుకి. వరస: తన మనిషి." రాజు ముద్ర వేశాడు.

ఓబులేసు బయ్యన్న అరచేతులకు పసుపు అద్దుతున్నాడు. "ఎన్నడూ ఇంత తోలు ఊడలేదేంరా?"

"ఏడేళ్లూ నిన్నొక్కణ్ణే మోశాను. ఇవాళ రాజుగారి పొట్ట కూడానాయె!"