ఉస్తాద్‌కో కుర్చీ

విఠల్‌కి నచ్చిన కుర్చీ ఈ లోకంలో లేదు. వచ్చిన చిక్కల్లా అదే.

పాత సామాన్ల ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళ్లేవాడు. మద్రాసైనా సరే, కలకత్తా అయినా సరే. విక్టోరియా రాణి కాలంనాటి బల్లలు, బీరువాలు, కుర్చీలు వెతికి తేవడం అతని పని. లోపలికి అడుగు పెట్టగానే జేబులోంచి టార్చి తీసి, నేలమీద వెల్లకిలా పడుకుని బల్లకిందికి దూరేవాడు. బయటికొచ్చేసరికి చొక్కా నిండా దుమ్ము, నోటి నిండా వంకలు. "కాలు మార్చారు. మేకు కొత్తది. ఈ ఇత్తడి పిడి నిన్నగాక మొన్న పోతపోశారు."

అతను చెప్పింది తప్పయ్యేది కాదు, అదొకటి మళ్లీ! అమ్మేవాళ్లు ఒళ్లుమండి అతనికి పోస్ట్‌మార్టం విఠల్ అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడితే సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోయేవాడు మహానుభావుడు. ఇంతా చేసి కొన్నదేమైనా ఉందా అంటే, లేదు.

అతని గురువు ముర్తుజా సాబ్‌కి సికింద్రాబాద్‌లో పాత ఫర్నిచర్ దుకాణం. విఠల్ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఉస్తాద్ అని పిలిచేవాడు. పెద్దాయన మోకాళ్లు అరిగిపోయాక ఊళ్లు తిరగడం మానేసి శిష్యుణ్ణి పంపడం మొదలుపెట్టారు. శిష్యుడు వెళ్లినవాడు వెళ్లినట్టే వట్టిచేతులతో తిరిగొచ్చేవాడు. ఉన్న సరుకు అమ్ముడుపోయింది, కొత్త సరుకు రాలేదు.

ఒకరోజు ఉస్తాద్ ఖాళీ గోడలు చూస్తూ అన్నారు. "బేటా, ఈ దుకాణం నీ చేతిల పెడదామనుకున్న. ఏం పెట్టి అమ్ముతవ్? రేపు ఇక్కడనే ఎగ్జిబిషన్ ఉంది. ఒక్కటంటే ఒక్కటి, నీ అంతట నువ్వు ఎంచుకో. లేదంటే షట్టర్ దించేస్త."

ఆ దుకాణం కాక విఠల్‌కి ఇంకో బతుకు తెలీదు.

"మంచిది కనపడాలె గద ఉస్తాద్," అన్నాడు.

"నేను గూడ వస్త పా."

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. పెద్ద ఫంక్షన్ హాలు. నడుమ దారి వదిలి రెండు పక్కలా సామాన్లు పేర్చారు. ఉస్తాద్ కొంచెం దూరం నడిచి, చేతికర్ర ఆనించి ఆగిపోయారు.

"మోకాళ్లు లాగుతున్నయ్. కుర్చీ చూడు, కూసుంట."

విఠల్ పరుగున పోయి వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఉస్తాద్ దానివైపు చూడను కూడా చూడలేదు.

"ఇది గాదు. నువ్వు కొనే కుర్చీ. అది దొరికేదాంక ఇట్లనే ఉంట."

ఇంకేం చేస్తాడు? టార్చి తీశాడు. మహాగని కుర్చీ ఒకటి బాగుందనుకుంటే అడుగున చెక్క కొత్తది. చేతుల కుర్చీ ఒకటి దొరికింది, కేన్ అల్లిక ఈమధ్యది. ఇంకోదాని కాళ్లకింది ఇత్తడి చక్రాలకి ఒకదానికొకటి పోలిక లేదు. ఆ చివరిదాకా పోయాడు, వెనక్కొచ్చాడు. మధ్యమధ్య తలెత్తి చూస్తే ఉస్తాద్ నిలబడే ఉన్నారు. ఎవరో టీ ఇవ్వబోతే వద్దన్నారు.

"ఏమండీ, ఆ పెద్దాయన్ని అలా నిలబెట్టేశారేంటండీ? పాపం కాదా?" అంది మేరీ సుశీల. కాకినాడనుంచి సరుకు తెచ్చిన ఆవిడ, ఉస్తాద్ నిలబడ్డచోటే ఆమె సామాన్లు.

విఠల్ జవాబు చెప్పబోతూ ఉస్తాద్ వైపు చూశాడు. పెదవి బిగించారు. ఒక మోకాలు మడత పడిపోతోంది.

"అయ్యో ఉస్తాద్!"

టార్చి ఎక్కడ పడిందో తెలీదు. చేతికందిన కుర్చీని బరబరా లాగి ఆయన వెనక వేశాడు. ఉస్తాద్ అందులో కూలబడి, వెనక్కి వాలి, "యా అల్లా" అని కళ్లు మూసుకున్నారు.

విఠల్ కిందనే కూర్చుని ఆయన మోకాళ్లు పిసకసాగాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు. "నన్ను మాఫ్ చెయ్యండి ఉస్తాద్. నాకు బుద్ధి లేదు."

అలవాటు ఎక్కడికి పోతుంది? ఏడుస్తూనే కుర్చీ కాళ్లవైపు చూశాడు. మూడు మహాగని కాళ్లు, నాలుగోది టేకు.

"ఉస్తాద్," అన్నాడు మెల్లగా, "వెనక కాలు మార్చిన్రు."

"చూసిన. ఇంతసేపు దాని ఎదురుంగనే గద నిలబడ్డ."

"మరి..."

"కాలు ఇరిగినా పారెయ్యబుద్ధి కాలే ఎవరికో. కాలు పెట్టిచ్చి, మళ్ల కూసున్నరు."

విఠల్ ఆ టేకు కాలిమీద చెయ్యి వేశాడు. టార్చి కోసం వెతకలేదు.

మేరీ సుశీల దగ్గరికొచ్చి వంగింది. "నొప్పి తగ్గిందాండీ? దొరల బంగళాలో కుర్చీ అండీ ఇది. తీసుకుంటారా?"

ఉస్తాద్ కళ్లు తెరవకుండానే నేలమీద కూర్చున్న విఠల్‌ని చూపించారు.

"మా దుకాణం సేట్‌ని అడుగమ్మా. నేను ఉత్తగ కూసుందామని వచ్చిన."